సరిహద్దుకి వేల కోట్లు అంటున్నారు సరే, మన నాయకులకి నిజంగా పట్టింపు ఉందంటారా?

గంటస్తంభం_కుర్రోడు · ఆదివారం రాత్రి 8:42

నిన్న సాయంత్రం విజయనగరంలో గంటస్తంభం దగ్గర టీ తాగుతుంటే పక్క బల్ల మీద ఇద్దరు పెద్దాయనలు గట్టిగా వాదించుకుంటున్నారు. ఒకాయన "2025-26లో రక్షణకి 6.81 లక్షల కోట్లు ఇచ్చారు, ఇంకేటి ఇమ్మంటావు" అంటాడు. రెండో ఆయన కొడుకు సరిహద్దులో ఉన్నాడట. "అంకె పేపర్లో ఉంది, మావోడి చలికోటులో లేదు" అన్నాడు. మొదటాయన నవ్వేశాడు గానీ రెండో ఆయన నవ్వలేదు.

ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. ఏ ఎన్నికల సభలో చూసినా జవాన్ పేరు ఎత్తగానే చప్పట్లు. మైకు కట్టేశాక ఆ డబ్బు సంగతి ఎవరైనా అడుగుతున్నారా? మన విజయనగరం, శ్రీకాకుళం రెండు జిల్లాల నుంచి ఎంతమంది యూనిఫారంలో ఉన్నారో మీకు తెలుసు కదా. మీ ఊళ్ళో, మీ ఇంట్లో జనం ఏమనుకుంటున్నారో రాయండి. టీవీలో విన్నది వద్దు.

పలాస_జీడిపప్పు · 8:55

మా ఊళ్ళో మాట చెప్తాను. నాయకుడు సరిహద్దు గురించి మాట్లాడేది రెండుసార్లే. ఎన్నికలప్పుడు ఒకసారి, జెండా కప్పిన పెట్టె ఊళ్ళోకి వచ్చినప్పుడు ఒకసారి. రెండోసారి అందరూ వస్తారు, అన్ని పార్టీల వాళ్ళూ. కన్నీళ్ళు నిజమే అయ్యుండొచ్చు, కాదనను. మూడో నెల ఆ ఇంటికి ఎవరెళ్ళారో అడగండి.

మోడరేటర్ · 9:01

ముందే చెప్తున్నాను. పార్టీల పేర్లు పెట్టి తిట్టుకుంటే థ్రెడ్ మూసేస్తాను. మొన్న రైల్వే జోన్ థ్రెడ్‌కి పట్టిన గతి గుర్తుంది కదా.

లెక్కల_మాస్టారు_బొబ్బిలి · 9:30

కుర్రోడా, ముందు ఒక పొరపాటు సరిచేసుకుందాం. టీ కొట్టు దగ్గర ఇద్దరూ చెప్పుకున్నది రక్షణ శాఖ బడ్జెట్. కంచె పక్కన రాత్రంతా నిలబడే బీఎస్ఎఫ్, మంచులో ఉండే ఐటీబీపీ, నేపాల్ వైపు ఉండే ఎస్ఎస్‌బీ రక్షణ శాఖ కింద లేవు. అవి హోం శాఖ కింద ఉన్నాయి. అంటే సరిహద్దు డబ్బు రెండు ఇళ్ళ నుంచి వస్తుంది. ఎవరినైనా నిలదీయాలంటే ఏ ఇంటి తలుపు కొట్టాలో ముందు తెలియాలి. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు, నాయకులతో సహా.

ఇప్పుడు అంకెలు. 2025-26లో రక్షణ శాఖకి 6.81 లక్షల కోట్లు. అందులో ప్రతి వంద రూపాయల్లో సుమారు 46 రూపాయలు జీతాలకీ, నడిపే ఖర్చులకీ పోతాయి. 24 దాకా పెన్షన్లకి. కొత్త విమానాలు, ఓడలు, తుపాకుల్లాంటి పెట్టుబడికి మిగిలేది 26. మిగతా నాలుగు పౌర విభాగాల ఖర్చు. పెన్షన్ దండగ అని నేను అనడం లేదు, మా బావమరిది దాని మీదే బతుకుతున్నాడు. పెద్ద అంకె విని మురిసిపోయేవాళ్ళకి దాని లోపల ఏముందో చెప్తున్నానంతే.

హోం శాఖ వైపు బీఎస్ఎఫ్‌కి అదే ఏడు 28 వేల కోట్ల పైచిలుకు. కంచె, సరిహద్దు రోడ్లు, లైట్లు, చెక్‌పోస్టుల లాంటి పనులకి విడిగా ఒక పద్దు ఉంది. దానికి ఇచ్చింది 5,597 కోట్లు. మన భూ సరిహద్దు మొత్తం 15,106 కిలోమీటర్లు. భాగిస్తే కిలోమీటరుకి 37 లక్షలు వస్తుంది. మీ ఊరి సీసీ రోడ్డు కాంట్రాక్టరుని అడగండి, ఆ డబ్బుకి ఎంత పొడుగు వేస్తాడో. ఇది మోటు లెక్క అని నాకూ తెలుసు. సరిహద్దు రోడ్ల సంస్థ బీఆర్‌ఓకి రక్షణ శాఖ నుంచి ఇంకో 7,146 కోట్లు ఉన్నాయి. సేలా సొరంగం లాంటివి దాని పనే. అవి కలిపినా, సభల్లో వినిపించే గొంతుకీ ఈ అంకెకీ పొంతన కుదరదు.

సిక్కోలు_రన్నర్ · 9:48

మాస్టారూ, లెక్కలు బాగున్నాయి. నేను రోజూ తెల్లారి 4:30కి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పరుగెడతాను. 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొట్టాలి. నాతో పాటు ఇంకో అరవై మంది ఉంటారు. వాళ్ళని అడిగితే నాయకుల పట్టింపు గురించి ఒకటే మాట, "నాలుగేళ్ళు".

2022 జూన్‌లో అగ్నిపథ్ తెచ్చారు. నాలుగేళ్ళయ్యాక నూటికి పాతిక మందే సైన్యంలో ఉంటారు, మిగతా వాళ్ళు చేతికిచ్చే 11.71 లక్షల సేవానిధి పట్టుకుని ఇంటికి. పెన్షన్ లేదు. సైన్యాన్ని యువకులతో నింపడానికి అని పైకి చెప్పారు. మాస్టారు చెప్పిన ఆ 24 రూపాయలు తగ్గించడానికే అని మా గ్రౌండ్‌లో అందరి నమ్మకం. సరిహద్దు ముఖ్యం అంటూనే సరిహద్దులో నిలబడేవాడి దగ్గర మిగుల్చుకుంటే దాన్ని ఏమనాలి? 2025 మే నెలలో ప్రాణం ఇచ్చిన మురళీ నాయక్ కూడా అగ్నివీరే. సత్యసాయి జిల్లా కుర్రాడు. ఆయన ఇంటికి వెళ్ళని నాయకుడు లేడు.

అయినా నేను పరుగెడుతూనే ఉన్నాను. అది వేరే సంగతి.

బొండపల్లి_బాబాయ్ · 10:05

రన్నర్ తమ్ముడూ, అమ్మ తిడుతుందా, వద్దంటుందా?

సిక్కోలు_రన్నర్ · 10:07

గుడ్లు ఉడకబెట్టి ఇస్తుంది, తిడుతుంది కూడా.

గంటస్తంభం_కుర్రోడు · 10:15

మాస్టారూ, ఒక అనుమానం. జీడీపీలో 3 శాతం రక్షణకి ఇవ్వాలని తరచూ వింటాం. ఇప్పుడు ఎంత ఇస్తున్నారు? ఇవ్వకపోతే అడిగేవాళ్ళు లేరా?

లెక్కల_మాస్టారు_బొబ్బిలి · 10:52

2025-26లో రెండు శాతం లోపే. సుమారు 1.9. మూడు శాతం అన్నది ఎంపీలతో ఉండే పార్లమెంటు స్థాయీ సంఘం సిఫారసు. దాన్ని ఎవరూ కాదనరు, చెయ్యరు.

అడిగేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. 2018 మార్చిలో రక్షణ స్థాయీ సంఘం ముందు అప్పటి సైన్య ఉపాధిపతి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ కూర్చుని, మా సామగ్రిలో 68 శాతం పాతబడిపోయింది, ఈ బడ్జెట్ మా ఆశల మీద నీళ్ళు చల్లింది అన్న అర్థంలోనే చెప్పారు. యూనిఫారంలో ఉన్న మనిషి అంత సూటిగా చెప్పడం చిన్న విషయం కాదు. ఆ సంఘానికి అధ్యక్షుడు మేజర్ జనరల్ ఖండూరీ, అధికార పక్షం మనిషే. నివేదిక దాచకుండా సభలో పెట్టారు. అదే ఏడు సెప్టెంబరుకి ఆ కుర్చీలో ఇంకొకరు ఉన్నారు.

ఇంకో సంగతి వినండి. నివేదిక వచ్చిన అదే మార్చిలో కేంద్ర బడ్జెట్ మొత్తం లోక్‌సభలో చర్చే లేకుండా నిమిషాల్లో పాసైపోయింది. గోల మధ్య గిలటిన్ వేశారు, అంటే చర్చ లేకుండా పద్దులన్నీ ఒక్కసారే ఓటుకి పెట్టేశారు. ఆ గోల చేసినవాళ్ళలో మన రాష్ట్ర ఎంపీలూ ఉన్నారు, ప్రత్యేక హోదా కోసం. హోదా అడగడం తప్పని నేను అనను, నేనూ అప్పుడు వాళ్ళకి చప్పట్లు కొట్టినవాణ్ణే. కానీ 68 శాతం పాత సరుకు అన్న మాట సభలో ఎవరికీ వినపడకపోవడంలో మన గొంతు కూడా కలిసింది. ఈ మాట రాయడానికి నాకు ఏడేళ్ళు పట్టింది.

పలాస_జీడిపప్పు · 11:03

మాస్టారూ, మామూలు ఏడాదిలో అయినా అంతే కదా? మూడు నాలుగు శాఖల పద్దులు చర్చకి వస్తాయి, మిగతావి ఒక్క ఓటుతో పాస్.

లెక్కల_మాస్టారు_బొబ్బిలి · 11:06

అంతే. అందుకే నాయకుడి పట్టింపు చూడాలంటే ప్రసంగం వినకండి, ప్రశ్నోత్తరాల్లో ఏం అడిగాడో చూడండి. లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఎంపీ పేరు కొడితే వస్తాయి. పని లేని రోజున చూడండి, టైం పాస్ అవుతుంది.

టెక్కలి_మాజీ_జవాన్ · సోమవారం ఉదయం 6:20

అందరికీ నమస్కారం. మామూలుగా నేను ఇక్కడ చదవడమే గానీ రాయను. రాత్రి మనవడు ఫోన్లో చదివి వినిపించాడు.

నేను 1988లో చేరి ముప్పై ఏళ్ళు సరిహద్దు డ్యూటీ చేశాను. ఏ బలగమో రాయను, నెలనెలా పెన్షన్ వస్తోంది. బంగ్లా సరిహద్దులో ఎక్కువ, కచ్‌లో మూడేళ్ళు.

మాస్టారు డబ్బు గురించి రాశారు. నా అనుభవంలో డబ్బు లేక ఆగిన పనులు కొన్నే. డబ్బు ఉండి ఆగినవి ఎక్కువ. బంగ్లా సరిహద్దు 4,096 కిలోమీటర్లు. 2025 మొదటికి అందులో 3,232 కిలోమీటర్లకి కంచె పడింది. 864 అప్పటికి పడలేదు. దానిలో 174 కిలోమీటర్ల మేర వెయ్యడం కుదరదు. నది, ఊబి, గుట్ట. మిగతా చోట భూమి రాక ఆగింది, అవతలి దేశం అభ్యంతరం పెట్టి ఆగింది. భూమి ఇప్పించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. కేంద్రం రాష్ట్రం మీద వేస్తుంది, రాష్ట్రం పరిహారం చాలదంటుంది. ఆ కంచె లేని చోట నాకాలో, అంటే కాపలా మాటులో, కూర్చునేది మేము. పదిహేను అడుగుల దూరంలో అవతలి దేశం, మధ్యలో ఒక వరి చేను. నవంబరులో మంచు పడితే టార్చి వేసినా చెయ్యి కనపడదు.

ఇంకోటి. కంచె సరిగ్గా గీత మీద ఉండదు. గీతకి 150 గజాలు మన వైపు లోపలికి ఉంటుంది. కంచెకి అవతల ఉన్న భూమి కూడా మనదే, మన రైతులదే. పొద్దున గేటు తీసి, కార్డు చూసి పంపాలి, సాయంత్రం లెక్క చూసి మూయాలి. ఆ రైతుకి మామీద కోపం, మాకు వాళ్ళ మీద అనుమానం. ఒక ముసలాయన రోజూ "దొరా, నా పొలానికి నేను వెళ్ళడానికి నీ దగ్గర చీటీ ఏంటి" అని బెంగాలీలో అడిగేవాడు. అతనికి ఏం చెప్పాలో నాకు ఎప్పుడూ తెలియలేదు. ఢిల్లీలో కంచె గురించి మాట్లాడే వాళ్ళు ఈ గేటు గురించి మాట్లాడగా నేను వినలేదు.

రన్నర్ బాబూ, నువ్వు పెన్షన్ అన్నావు. నాకు పాత పెన్షన్. మా మేనల్లుడు ఇలాంటి బలగంలోనే 2011లో చేరాడు, వాడికి ఎన్‌పీఎస్, జీతంలోంచి కోసి పెట్టుబడి పెట్టే కొత్త పెన్షన్. 2004 జనవరి ఒకటి నుంచి చేరిన కేంద్ర బలగాల వాళ్ళకి అదే పెట్టారు. సైన్యానికి మాత్రం పాత పెన్షన్ ఉంచారు. 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు వీళ్ళకీ పాత పెన్షన్ ఇమ్మంది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. నేను రిటైరై వచ్చాక స్థలం కోసం ఒక ఆఫీసుకి వెళ్తే అక్కడి గుమాస్తా కాగితం చూసి "మీరు ఎక్స్ సర్వీస్‌మెన్ లెక్కలోకి రారండి" అన్నాడు. రూలు ప్రకారం అతను చెప్పింది నిజమే. ముప్పై ఏళ్ళు కంచె పక్కన నిలబడినవాడికి ఆ మాట ఎలా ఉంటుందో మీరే అనుకోండి. బయటికొచ్చి చెట్టు కింద ఓ అరగంట కూర్చుని ఇంటికొచ్చేశాను.

బొండపల్లి_బాబాయ్ · 6:41

అన్నగారూ, మీరు రాస్తూ ఉండండి. దయచేసి.

ఉద్దానం_అమ్మాయి · 9:10

జవాన్ బాబాయ్‌గారికి నమస్కారం. నేను చెప్పేది మీ మీద కాదు, తప్పుగా అనుకోవద్దు.

మా ఉద్దానంలో ఇంటింటికీ కిడ్నీ జబ్బు. ఎన్ని ప్రభుత్వాలు మారాయి, ఎన్ని సర్వేలు జరిగాయి! 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, 700 కోట్ల మంచినీటి పథకం ప్రారంభించారు. అది రావడానికి ముందు ఎన్నేళ్ళు ఎదురుచూశామో మాకు తెలుసు. మరి సరిహద్దుకి ఇంకో లక్ష కోట్లు ఇమ్మని మేమెందుకు అడగాలి? మా వీధిలో ఒక అన్నయ్య సైన్యంలో ఉన్నాడు, వాళ్ళ నాన్న డయాలసిస్‌లో ఉన్నాడు. సెలవు పెట్టి వస్తే ఆ అన్నయ్య అడిగింది నీళ్ళ గురించే, తుపాకీ గురించి కాదు.

జీడీపీలో మూడు శాతం అంటే ఎవరి దగ్గర్నుంచి తీసి ఇస్తారు? అది కూడా రాయండి మాస్టారూ.

లెక్కల_మాస్టారు_బొబ్బిలి · 9:34

మంచి ప్రశ్న అమ్మాయ్. దీనికి నా దగ్గర అంకెల్లో జవాబు లేదు. 15వ ఆర్థిక సంఘం ఒక దారి చూపింది. రక్షణకీ, అంతర్గత భద్రతకీ కలిపి 2,38,354 కోట్ల ఆధునికీకరణ నిధి పెట్టమంది. 2021 నుంచి 2026 వరకు. ఏడాది చివర ఖర్చు కాకపోయినా మురిగిపోకూడదంది. అందులో కొంత రాష్ట్రాలకి వెళ్ళాల్సిన గ్రాంట్ల నుంచే తగ్గించి ఇమ్మంది. అంటే నీ భయం నిజమే. పైన పోసే ప్రతి చెంబూ కింద ఏదో ఒక బిందెలోంచే వస్తుంది.

టెక్కలి_మాజీ_జవాన్ · 12:15

అమ్మా, తప్పుగా ఎందుకు అనుకుంటాను. మా తోడల్లుడిది కవిటి. ఆయన అదే జబ్బుతో పోయాడు.

నా మాట కూడా "ఇంకా ఇవ్వండి" అని కాదు. ఇచ్చింది ఎక్కడ ఆగిందో అడగమని. మా పోస్టుకి ఒకసారి పెద్ద లైట్ల స్తంభాలు వచ్చాయి. ప్రారంభానికి పెద్దవాళ్ళు వచ్చారు, ఫోటోలు దిగారు. కరెంటు లైను రావడానికి పధ్నాలుగు నెలలు పట్టింది. అప్పటిదాకా జనరేటర్. డీజిల్ కోటా రాత్రి రెండు గంటల దాకానే. రెండు తర్వాత స్మగ్లర్లకి కూడా తెలుసు, మాకూ తెలుసు.

ఆముదాలవలస_ట్రైన్ · 12:40

రెండు దాటాకే వచ్చేవారా పశువుల బ్యాచ్?

టెక్కలి_మాజీ_జవాన్ · 12:44

రెండూ పదికి.

సాలూరు_ఘాట్ · మధ్యాహ్నం 1:20

అందరూ పాకిస్తాన్, బంగ్లా అంటున్నారు. మన పక్కనే కొఠియా ఉంది కదా! 21 గ్రామాలు. 1968 నుంచి సుప్రీంకోర్టులో నలిగి, 2006లో పార్లమెంటు తేల్చుకోవాలన్నారు. అటు ఒడిశా వాళ్ళు, ఇటు మనవాళ్ళు. రెండు ప్రభుత్వాలూ పోటీపడి పథకాలు ఇస్తాయి. అక్కడివాళ్ళకి రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. ఆ సరిహద్దుకి మాత్రం నాయకుల పట్టింపుకి లోటు లేదు, ఎన్నికలొస్తే ఘాట్ ఎక్కి మరీ వస్తారు.

మోడరేటర్ · 1:31

సాలూరు గారూ, బాగుంది గానీ అది వేరే థ్రెడ్. కొఠియా మీద విడిగా పెట్టండి, నేనూ వస్తాను.

తీరం_గాలి · సాయంత్రం 5:05

పొద్దున్నుంచి చదువుతున్నాను. అందరూ భూమి గురించే రాశారు. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో ఇంత పొడవు ఇంకే జిల్లాకీ లేదు. మా సరిహద్దు అదే. మాది మత్స్యకార కుటుంబం.

2018 నవంబరులో గుజరాత్ సముద్రంలో పాకిస్తాన్ వాళ్ళు పట్టుకెళ్ళిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు గుర్తున్నారా? వెరావల్ నుంచి వేటకి వెళ్ళినవాళ్ళు. వాళ్ళలో ఇరవై మందిని 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలారు. పధ్నాలుగు నెలలు. సినిమా వచ్చాక చాలామందికి తెలిసింది, మాకు మాత్రం ఆ పధ్నాలుగు నెలలూ పక్క ఊళ్ళో పొయ్యి వెలగని ఇళ్ళ లెక్క తెలుసు. 2025 అక్టోబరులో విజయనగరం జిల్లా వాళ్ళు తొమ్మిది మంది బంగ్లాదేశ్ చేతికి చిక్కారు.

సముద్రంలో గీత ఉండదండి. కంచె ఉండదు, 150 గజాలు ఉండవు. కచ్ పక్కన సర్ క్రీక్ పాయ దగ్గర 96 కిలోమీటర్ల గొడవ మనకీ పాకిస్తాన్‌కీ మధ్య ఇంతవరకూ తెగలేదు. ప్రతి ఏడూ జనవరి ఒకటినా, జూలై ఒకటినా రెండు దేశాలూ ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. పాకిస్తాన్ ఇచ్చే మనవాళ్ళ జాబితాలో గూఢచారులు ఉంటారని అనుకునేవాళ్ళు చూసుకోండి, ఎక్కువమంది చేపలు పట్టేవాళ్ళే.

మరి శ్రీకాకుళం వాడు వెరావల్ ఎందుకు వెళ్తాడు? ఇది నా ప్రశ్న. మాకు ఇక్కడ పెద్ద పడవ ఆగే చోటు లేదు కాబట్టి. పడవని ఇసక మీదకి భుజాలతో తోసుకోవాలి. ఫైబర్ పడవతో ఎంత దూరం వెళ్ళగలం? అక్కడైతే హార్బర్ ఉంది, ఐస్ ఉంది, పడవ నడిపే తండేల్‌కి నెల జీతం, కింద పనిచేసే ఖలాసీకి నెల జీతం, ముందు అడ్వాన్సు. ఆగస్టులో వెళ్ళి మేలో వస్తారు. బుడగట్లపాలెం ఫిషింగ్ హార్బర్‌కి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. అది ముందే వచ్చి ఉంటే ఆ ఇరవై మందిలో ఎంతమంది పాకిస్తాన్ జైలు చూసేవారు?

నా దృష్టిలో మన జిల్లాలో సరిహద్దు భద్రత అంటే జెట్టీ. ఢిల్లీని అడగక్కర్లేదు. ఇక్కడి నాయకుడు చెయ్యగలిగింది అది.

బొబ్బిలి_వీణ · 5:30

బాబూ, బాధ అర్థమైంది. కానీ హార్బర్ అనేది మత్స్యశాఖ పని, ఉపాధి పని. దాన్ని సరిహద్దు భద్రత అంటే రేపు మా ఊరి చెరువు గట్టు కూడా భద్రతే అంటారు. మాటలు కలిపేస్తే అడగాల్సినవాడు తప్పించుకుంటాడు.

తీరం_గాలి · 5:44

అక్కా, ఆ మాట మావాళ్ళని పట్టుకున్న పాకిస్తాన్ ఏజెన్సీకి చెప్పండి. వాళ్ళు మత్స్యశాఖ కాదు, సముద్ర భద్రతా ఏజెన్సీ.

బొబ్బిలి_వీణ · 5:47

హ్మ్. సరే, దెబ్బ తగిలింది. అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. ఎవరు ఏ పద్దు కింద ఇవ్వాలో తేలకపోతే ఎవరూ ఇవ్వరు.

లెక్కల_మాస్టారు_బొబ్బిలి · 6:20

వీణమ్మా, మన ఊరి దానివి, నీ పక్షాన నిలబడాలనే ఉంది గానీ అబ్బాయి వైపే కొంచెం ఎక్కువ మొగ్గుతున్నాను. 2008 నవంబరులో ముంబై మీద దాడి చేసినవాళ్ళు వచ్చింది సముద్రం మీద, చేపల పడవ ఎక్కే. దాని తర్వాతే తీర భద్రత అన్న మాటకి బరువు వచ్చింది. తీర భద్రతా పథకం మాత్రం 2005 నుంచే ఉంది. మన కళింగపట్నం మెరైన్ పోలీస్ స్టేషన్ ఆ పథకం కిందే వచ్చింది. సముద్రంలో కొత్త పడవ కనపడితే ముందు చెప్పేది మత్స్యకారుడే అని భద్రత వాళ్ళే అంటారు, ఊళ్ళలో మీటింగులు పెడతారు. అంటే అతన్ని కాపలాదారు లెక్కలో వేసుకున్నారు, జీతం లెక్కలో వెయ్యలేదు.

ఒకటి మాత్రం మంచి పని జరిగింది, చెప్పాలి కదా. 2024 ఆగస్టులో లక్ష పడవలకి ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం మొదలుపెట్టారు, 364 కోట్లతో. ఇస్రో చేసిన సాంకేతికత. అంతర్జాతీయ సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిస్తుంది, సిగ్నల్ లేని చోట నుంచి కూడా మెసేజ్ పంపొచ్చు. 6.81 లక్షల కోట్ల పక్కన 364 కోట్లు ఎంత? చిల్లర. ఈ మొత్తం థ్రెడ్‌లో మనిషి ప్రాణానికి నేరుగా తగిలే పద్దు ఏదంటే నేను దాన్నే చూపిస్తాను.

టెక్కలి_మాజీ_జవాన్ · రాత్రి 7:15

కచ్‌లో ఉన్నప్పటి ఒక ముచ్చట. జఖావు వైపు ఒకసారి మా బోటు గస్తీలో ఉంది. పొద్దున్నే, ఇంకా సరిగ్గా తెల్లారలేదు. కొంచెం దూరంలో గుజరాత్ నంబరు పడవ ఒకటి వల లాగుతోంది. గాలి మా వైపు వీస్తోంది. ఆ గాలిలో "బేగి లాగరా, బేగి!" అని కేక వినపడింది.

మూడు నెలలుగా తెలుగు మాట వినలేదు నేను. మా కమాండర్ పంజాబీ ఆయన. ఏమైంది అని అడిగాడు. మా ఊరి వాళ్ళు సార్ అన్నాను. దగ్గరికి పోనిచ్చాడు. నలుగురు కుర్రాళ్ళు, ఒకడిది మా టెక్కలి పక్కనే. ఇటు ఎక్కువ రాకండిరా అని చెప్పాను. "చేప అటే ఉంది మావయ్యా" అన్నాడు. వాడు అన్నది నిజమే, చేప అటే ఉంటుంది. నేను యూనిఫారంలో ఉండి వాడికి అంతకంటే ఏం చెప్పలేకపోయాను. వాళ్ళు ఇచ్చిన చేప మా వాళ్ళు బాగా వండారు, ఉప్పు ఎక్కువైంది.

పలాస_జీడిపప్పు · 7:40

బాబాయ్‌గారూ, ఆ కుర్రాడు తర్వాత...?

టెక్కలి_మాజీ_జవాన్ · 7:42

తెలీదు బాబూ. పేరు అడగలేదు. అడగాల్సింది.

సిక్కోలు_రన్నర్ · 8:02

మేము గ్రౌండ్‌లో పరుగెడుతుంటే పక్కన ఒక రాజకీయ ఫ్లెక్సీ ఉంటుంది. జవాన్ బొమ్మ, జెండా, నాయకుడి దండం. ఇవాళ పరుగు అయ్యాక దాని కింద కూర్చుని ఈ థ్రెడ్ చదివాను. ఫ్లెక్సీలో జవాన్ బొమ్మ మన సైన్యానిది కాదు, టోపీ చూస్తే వేరే దేశందిలా ఉంది. నెట్లోంచి తీసుకున్నట్టున్నారు.

బొండపల్లి_బాబాయ్ · 8:05

హహ్హ! ఫోటో పెట్టు నాయనా.

మోడరేటర్ · 8:06

వద్దు. ఫ్లెక్సీ మీద పార్టీ ఉంటుంది.

పలాస_జీడిపప్పు · 8:20

ఒక మాట మనమీద మనం కూడా వేసుకోవాలి. మొన్నటి ఎన్నికల్లో మా ఊరికి అభ్యర్థి వచ్చినప్పుడు జనం అడిగినవి: రోడ్డు, కాలువ, గుడి ప్రహరీ, ఒకాయన తన అల్లుడి ట్రాన్స్‌ఫర్. జవాన్ల ఇళ్ళు మా వీధిలోనే తొమ్మిది ఉన్నాయి, వాళ్ళలో ఒక్కరూ సరిహద్దు ఊసు ఎత్తలేదు. అడిగితే ఏమంటారో తెలుసు, "అది మోదీ గారు చూసుకుంటారు" లేదా "అది సైన్యం చూసుకుంటుంది". నాయకుడు కూడా తెలివైనవాడే కదా, అడగనిదానికి ఎందుకు జవాబిస్తాడు? మేము చప్పట్లు కొట్టాం, అతను చప్పట్లకి తగ్గట్టు మాట్లాడాడు. లెక్క సరిపోయింది.

ఉద్దానం_అమ్మాయి · 8:33

మేము నీళ్ళు అడిగాం. అడిగి అడిగి గొంతు పోయాకే వచ్చాయి. అడిగితే వస్తాయని మాత్రం చెప్పగలను, ఆలస్యంగా అయినా.

గంటస్తంభం_కుర్రోడు · 9:10

నేను అనుకున్న దానికంటే ఎక్కువ వచ్చింది. నిన్న టీ కొట్టు దగ్గర ఇద్దరిలో ఎవరు గెలిచారో ఇప్పటికీ తెలీదు గానీ, ఇద్దరూ తప్పు ఇంటి బడ్జెట్ గురించి కొట్టుకున్నారని మాత్రం అర్థమైంది. మాస్టారు చెప్పినట్టు లోక్‌సభ వెబ్‌సైట్ తెరిచి కూర్చున్నాను, ప్రశ్నలు చదువుతున్నాను. సరిహద్దు మీద వెతికితే ఎక్కువగా ఉత్తరాది ఎంపీల పేర్లే కనిపిస్తున్నాయి. మనవాళ్ళవి ఇంకా వెతుకుతున్నాను, దొరికితే పెడతాను.

తీరం_గాలి, ఒకటి అడగాలి. మాస్టారు చెప్పిన ఆ ట్రాన్స్‌పాండర్ మీ పడవకి పెట్టారా?

తీరం_గాలి · 9:38

మా చిన్నాన్న పడవకి పెట్టారు. ఒక డబ్బా, పైన ఏంటెన్నా. ఫోన్‌కి కలుపుకుంటే తెలుగులోనే మెసేజ్‌లు వస్తాయి. మొదట్లో బ్యాటరీ తినేస్తోందని చిన్నాన్న తిట్టుకునేవాడు, మొన్న తుఫాను ముందు హెచ్చరిక వచ్చాక తిట్టడం మానేశాడు.

కానీ చిన్నాన్న ఇక్కడే ఒడ్డు కనపడేంత దూరంలో వేట చేస్తాడు. ఏ దేశం సరిహద్దూ అక్కడ లేదు. నాన్న ఆగస్టులో వెరావల్ వెళ్ళాడు. అక్కడి పడవకి ఆ డబ్బా ఉందో లేదో ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. "ఏదో ఉన్నట్టుంది రా, తండేల్ చూసుకుంటాడు, నువ్వు తిన్నావా" అన్నాడు. మళ్ళీ రేపు తెల్లారి నాలుగింటికి పడవ ఎక్కుతున్నారట, పదిహేను రోజులు ఫోన్ కలవదు.

టెక్కలి_మాజీ_జవాన్ · 9:41

తండేల్ నంబరు ఉందా బాబూ? నాలుగు లోపల ఇంకా టైముంది.